వందలో ఐదు

మంచం పొట్టిగా ఉంది. కూర్చున్నప్పుడు తెలియలేదు. నడుం లాగుతోంది కదా, ఎవరూ చూడట్లేదు కదా అని ఒక్క క్షణం వెనక్కి వాలితే పాదాలు రెండూ మంచం దాటి బయటికి వచ్చేశాయి. ఆమె ఉలిక్కిపడి లేచి కూర్చుంది, తప్పు చేసినట్టు దుప్పటి ముడతలు సర్దింది. పొట్టి మంచం వేస్తే గది పెద్దదిగా కనిపిస్తుందన్నమాట, ఎంత తెలివి, అయితే అసలు గదిలో మామూలు మంచం వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా, ఈ మాట పోయినసారి వచ్చినప్పుడు అడగాలని తోచలేదేం, పోయినసారి చెల్లి పక్కనుంది, చెల్లి గది మధ్యలో చేతులు చాపి గిర్రున తిరిగి "అక్కా, గోడ తగల్లేదే!" అంది, ఆ సంబరంలో కొలతలెవరికి గుర్తొస్తాయి. ఇప్పుడు ఒంటరిగా చూస్తుంటే అన్నీ బయటపడుతున్నాయి. అలమరలో పేర్చిన పుస్తకాలు పుస్తకాలు కావు, లోపల బోలు. గోడమీది టీవీ ఒట్టి నల్ల పలక. బల్లమీద పళ్ళు మైనపువి, ఒకదాని మీద ఎవరో పసివాళ్ళు కొరికిన పంటి గాటు కూడా ఉంది. వంటగదిలో కుళాయి తిప్పితే గాలి కూడా రాలేదు. "ఇది నమూనా ఇల్లమ్మా, చూడ్డానికే. అసలు వాటిలో నీళ్ళొస్తాయి, పర్లేదు" అన్నాడు సేల్స్ ఆయన. ఆయన దేనికైనా పర్లేదంటాడు. గోడ పలచగా ఉందేమిటండీ అంటే పర్లేదమ్మా, వడ్డీ పెరిగితే ఎలాగండీ అంటే పర్లేదమ్మా. అక్కాచెల్లెళ్ళు ఇంటికెళ్ళే దారిలోనే ఆయనకి పర్లేదుగారని పేరు పెట్టేశారు, బస్సులో పడీ పడీ నవ్వారు. ఇప్పుడు అదే పేరు తలుచుకుంటే నవ్వు రావట్లేదు.

చెల్లి ఇంకా రాలేదు. మధ్యాహ్నం డ్యూటీ దిగి, బస్సు డిపోలో పెట్టి, తిన్నగా వచ్చేస్తానంది. పథకం ఈరోజుతో ఆఖరు, సాయంత్రం ఈ ఆఫీసు మూసేలోపు ఇద్దరూ సంతకం పెట్టాలి. రేపు వస్తే ఇదే ఇల్లు, ఇదే ధర, కాని ముందు చేతిలో పెట్టాల్సింది ఐదు కాదు, ఇరవై. వందలో ఐదు మీరు పెట్టండి చాలు, తొంభై ఐదు బ్యాంకు పెడుతుంది, కొత్తగా కట్టిన ఇళ్ళకి మాత్రమేనమ్మా ఈ వెసులుబాటు, పాతవాటికి లేదు అన్నాడు పర్లేదుగారు. విన్న రోజు పండగలా అనిపించిన ఆ మాటే ఇప్పుడు కొరుకుడు పడట్లేదు. వందలో ఐదు. ఏ ఐదు? గడపా? కిటికీ చట్రమా? ఈ స్నానాల గదిలో సగమా? తన సొంత ఇంట్లో తను నిలబడదగిన చోటు ఎంతని చూస్తే రెండు పాదాలు పట్టేంత, ఆ చుట్టూ ఉన్నదంతా బ్యాంకుది, దాని మీద అడుగేసినప్పుడల్లా వడ్డీ. కొత్త చెప్పులు కాలికి తొడుక్కుని కొట్టు మెట్లు దిగితే చాలు, వాటిని మళ్ళీ ఆ ధరకి ఎవడూ కొనడు. ఇల్లూ అంతేనా? తాళంచెవి తిప్పి లోపలికి వెళ్ళిన క్షణాన్నే అది పాతదైపోతుందా? అప్పుడు ఇంటి విలువ కన్నా అప్పు పెద్దదైతే, ఇల్లమ్మినా అప్పు మిగిలితే, ఇల్లూ లేక అప్పూ తీరక... వద్దు, అటు వద్దు. ఫోన్ తీసింది. స్విచాఫ్. బస్సు నడుపుతున్నప్పుడు చెల్లి ఫోన్ ఆపేస్తుంది, అది నియమం, కాని డ్యూటీ ఎప్పుడో అయిపోయి ఉండాలి.

వంతెన దిగేచోట మలుపుందే. వాన పడితే జారుతుందని చెల్లే చెబుతుంటుంది. పొద్దున చినుకులు పడ్డాయి. అంత పెద్ద బస్సు, దాని ముందర అంత చిన్న చెల్లి, సీటు మీద దిండు వేసుకుని కూర్చుంటే గాని అద్దంలోంచి దారి కనపడదు, ఆ బస్సు పక్కకి ఒరిగి... ఒకరికి ఏమైనా అయితే మొత్తం బాధ్యత రెండోవారిదేనండి అంది బ్యాంకావిడ, కాగితం మీద నుంచి తల కూడా ఎత్తకుండా. అయితే ఒక్క జీతంతో నెలనెలా ఎలా కడతాను? ఆలోచన అక్కడిదాకా వెళ్ళాక ఆమె ఆగిపోయింది. చేత్తో నోరు మూసుకుంది. చెల్లి బస్సు ఒరిగిపోవడమూ, బ్యాంకు వాయిదా తప్పడమూ ఒకే గుక్కలో వచ్చేశాయి, చెల్లి కోసం ఏడుపు రాకముందే వాయిదా గుర్తొచ్చింది. ఛీ. ఏం మనిషిని నేను. పదేళ్ళ తేడాతో పుట్టిన పిల్ల, అమ్మ ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో జడలు వేసి బడికి పంపిన పిల్ల, అమ్మ పోయాక రాత్రిళ్ళు తన మెడ చుట్టూ చేయి వేసి గాని నిద్రపోని పిల్ల. ఇంకా సంతకమే పెట్టలేదు, ఇల్లు చేతికి రానేలేదు, అప్పుడే అది మనసులో చెల్లి పక్కన వచ్చి కూర్చుంది.

నాన్న ఉంటే నవ్వేవాడు. నాన్న బోర్డుల మీద పేర్లు రాసేవాడు, ఊళ్ళో సగం కొట్ల పేర్లు ఆయన చేతివే, సొంత గుమ్మం మీద పేరు రాసుకోవడానికి మాత్రం గుమ్మం లేదు. అద్దె అడగడానికి ఇంటాయన వచ్చి తలుపు కొట్టినప్పుడల్లా నాన్న పెదాల మీద వేలు పెట్టి కన్ను గీటేవాడు. అది ఆట. ఎవరు కదలకుండా ఉంటే వాళ్ళు గెలిచినట్టు. అమ్మ పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని అలాగే బొమ్మైపోయేది, తను బల్ల కింద, చెల్లి తన ఒళ్ళో. బయట తలుపు దబదబా మోగుతుంటే లోపల గెలవడం కోసం ఊపిరి బిగబట్టిన నలుగురు. ఎంత సరదాగా ఉండేదో, ఎప్పుడొస్తాడా ఇంటాయన అని ఎదురుచూసేది తను! ఒకరోజు ఆటలో ఉండగా అమ్మ మొహం చూసింది. చెమట చుక్క ముక్కు చివర వేలాడుతోంది, అమ్మ తుడుచుకోవడం లేదు, కళ్ళు తలుపుకి అతుక్కుని ఉన్నాయి. అమ్మ ఆడటం లేదు. ఆ క్షణాన తన ఒళ్ళో చెల్లి కిసుక్కున నవ్వింది. పిల్ల, ఏం తెలుసు దానికి. మర్నాడు ఇంటాయన వడ్రంగిని తీసుకొచ్చాడు, కేకలు లేవు, తిట్లు లేవు, మేకులూడదీసి తలుపు రెక్కని బండి మీద వేసుకుని వెళ్ళిపోయాడు. నా తలుపు నేను తీసుకెళ్తున్నాను, ఇందులో తప్పేముంది అన్నాడట. తలుపు లేని ఇంటిని ఎప్పుడైనా చూశారా ఎవరైనా? వీధిలో పోయేవాళ్ళు నడక నెమ్మది చేసి లోపలికి చూస్తారు, తింటున్న కంచంలోకి చూస్తారు. అమ్మ దుప్పటి కట్టింది, గాలికి ఎగిరింది. ఆ రాత్రంతా అమ్మ గుమ్మానికి అడ్డంగా, వీపు బయటికి పెట్టి కూర్చుంది. అప్పటినుంచి ఎన్ని ఇళ్ళు మారారో లెక్కపెట్టడం మానేసింది. ఇప్పుడున్న ఒంటి గదిని కూడా ఇంటాయన అమ్మేస్తున్నాడు, ఖాళీ చెయ్యమని మర్యాదగానే చెప్పాడు పాపం, టీ కూడా ఇచ్చాడు. అందుకే కదా ఈ పథకం. మళ్ళీ ఎవరూ వచ్చి తలుపు కొట్టకూడదనే కదా. మరి బ్యాంకు కొట్టదా? కొట్టదు, కాగితం పంపిస్తుంది. కాగితానికి చప్పుడుండదు. బల్ల కింద దాక్కున్నా వదలదు.

చప్పుళ్ళు తన వృత్తి. వినికిడి పరీక్ష చేసే గదిలో, గాజు కిటికీకి ఇవతల కూర్చుని, అవతల కూర్చున్న మనిషి చెవిలోకి సన్నటి శబ్దాలు పంపిస్తుంది. వినపడగానే చేతిలో మీట నొక్కాలి, అంతే. ఏళ్ళ తరబడి చూసి చూసి ఆమెకి ఒకటి తెలిసింది. బాగా భయపడేవాళ్ళు లేని శబ్దానికి కూడా నొక్కేస్తారు. తను ఏమీ పంపకుండా చేతులు కట్టుకుని చూస్తూ ఉంటుంది, అవతల ఆ మనిషి బిక్కచచ్చిన మొహంతో నొక్కుతూనే ఉంటాడు, వినపడిందండీ, ఇదిగో ఇప్పుడు కూడా. ఇప్పుడు తను చేస్తున్నది అదేనా? లేని శబ్దాలకి నొక్కుతోందా? వడ్డీ పెరగలేదు, ధర పడిపోలేదు, బస్సు ఒరగలేదు. కాని ఒక శబ్దం మాత్రం ఉంది, నిజంగానే ఉంది, నెల్లాళ్ళుగా వినిపిస్తూనే ఉంది, దానికి మాత్రం తను మీట నొక్కలేదు. చెల్లి కూనిరాగం. స్నానాల గదిలో, గిన్నెలు తోముతూ, తల దువ్వుకుంటూ. ఫోన్ మోగితే వసారాలోకి వెళ్ళి గొంతు తగ్గించి, ఊఁ, ఊఁ అనే ఆ ఊఁలో ఒక మెత్తదనం. "డిపోలో బస్సులు బాగుచేసే అతను చెప్పాడక్కా" అని ఒకసారి, "అతను నవ్వించి చంపుతాడక్కా" అని ఇంకోసారి. పేరు చెప్పకుండా ఒట్టి అతను అన్నప్పుడే ఏ అక్కైనా అడుగుతుంది, ఎవరే అతను అని. తను అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది, జవాబు వస్తే రెండు జీతాల కాగితం ఒక జీతం కాగితమైపోతుంది. అందుకని కంచం ముందు కూర్చుని బ్యాంకు గురించి మాట్లాడింది, టైల్స్ రంగు గురించి మాట్లాడింది. చెల్లి తలూపింది. ఎప్పుడూ తలే ఊపింది. ఒక్కసారైనా నాకూ కావాలి అక్కా అందా? గిర్రున తిరిగింది, నవ్వింది, గోడ తగల్లేదంది. కావాలని మాత్రం అనలేదు.

"చెల్లెలుగారు బయల్దేరారా అమ్మా?" గుమ్మంలో పర్లేదుగారు. కాగితం కప్పులో టీ తెచ్చి ఆమె చేతికిచ్చాడు. "ఇంకో రెండు పార్టీలు అడుగుతున్నారు ఆ ఇంటికోసం. మీరు మాటిచ్చారని ఆపాను."

"వస్తుందండీ. ఫోన్ కలవట్లేదు."

"పర్లేదు, పర్లేదు. మూసేదాకా ఉంటాను." వెళ్ళబోయి ఆగాడు. "ఇక్కడే ఒంటి గది ఇల్లైతే మీ ఒక్కరి జీతానికీ వచ్చేదమ్మా. మీరే వద్దన్నారు."

వద్దంది. ఇద్దరం కదండీ, ఒంటి గదిలో ఎన్నాళ్ళు అంది. ఆ రోజు పక్కనే ఉన్న చెల్లి గోళ్ళు చూసుకుంది. ఎందుకు చూసుకుంది గోళ్ళు? ఆయన వెళ్ళిపోయాక ఆమె టీ చప్పరించలేక కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఈ కిటికీ ఒక్కటే నమూనా కాదు, దీంట్లోంచి నిజంగానే బయటికి కనిపిస్తుంది. ఎదురుగా రెండేళ్ళ కిందట పూర్తయిన భవనం, ఇదే కంపెనీ కట్టింది, వసారాల్లో బట్టలు ఆరేసి ఉన్నాయి, పిల్లల చొక్కాలు, ఒక తెల్ల దుప్పటి, రైలింగుకి కట్టేసిన సైకిలు. ఈ మూల నుంచి ఆ మూల దాకా సన్నటి చీలిక, సిమెంటు పూసి కప్పారు, రంగు కలవలేదు. అందులో ఎవరో ఉంటున్నారు. పొద్దున లేస్తున్నారు, వండుకుంటున్నారు. వాళ్ళకీ వందలో ఐదేనా? వాళ్ళు రాత్రిళ్ళు నిద్రపోతారా? ఆమె కిటికీ చట్రం పట్టుకుంది. పారిపోవాలి. వెనక తలుపుందా ఈ ఇంటికి? పారిపోయి ఎక్కడికి, ఖాళీ చెయ్యాల్సిన గదికి. ముందుకి అడుగేస్తే అప్పు, వెనక్కి వేస్తే వీధి, మధ్యలో పొట్టి మంచం. అప్పుడే ఆ భవనం మెట్ల మీద నీలం యూనిఫాం కనిపించింది. మెట్లు దిగుతోంది, ఒక్కో మెట్టూ చూసుకుంటూ, ముసలివాళ్ళలా. చెల్లి అలా దిగదు, చెల్లి రెండేసి మెట్లు దూకుతుంది. కాని చెల్లే.

బతికే ఉంది. మొదట అదే. ఆ తర్వాతే మిగతావన్నీ. ఆ వరసకి ఆమెకి ఎంత ఊరట కలిగిందంటే, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

చెల్లి లోపలికి వచ్చి మంచం మీద కూలబడింది, చెప్పులు విప్పకుండానే. "కోప్పడకక్కా. ఎప్పుడో వచ్చేశాను. ఇక్కడికి రావడానికి కాళ్ళు రాలేదు. ఆ ఇళ్ళల్లో ఒకరిని అడుగుదామని పైకెక్కాను."

"ఏమని అడిగావు?" ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

"ఎలా ఉందండీ అని. మూడో అంతస్తులో ఒకావిడ తలుపు తీసింది. ఇదే పథకంలో కొన్నారట. బాగానే ఉందంది. వాళ్ళాయనకి వేరే ఊళ్ళో ఉద్యోగమొచ్చిందట, అమ్ముదామంటే కొన్న ధర రావట్లేదట, అమ్మినా ఇంకా బ్యాంకుకి వీళ్ళే ఇవ్వాల్సొస్తుందట. ఆయనక్కడ, ఈవిడిక్కడ." చెల్లి మైనపు పండు ఒకటి చేతిలోకి తీసుకుంది, మళ్ళీ పెట్టేసింది. "ఉండిపోయేవాళ్ళకి ఇది ఇల్లే అమ్మాయ్, వెళ్ళాలనుకున్న రోజునే తెలుస్తుంది దీని సంగతి, అంది."

బయట ఎవరో కుర్చీలు మడత పెడుతున్న చప్పుడు. పర్లేదుగారు సర్దుకుంటున్నాడు. ఇప్పుడు ఏమీ అనకుండా లేస్తే చాలు. పద, ఆయన చూస్తున్నాడు అంటే చాలు, చెల్లి లేస్తుంది, సంతకం పెడుతుంది, ఎప్పుడూ తల ఊపినట్టే. ఆమె నాలుక మీద ఆ పద అనే మాట సిద్ధంగా ఉంది. అది దిగమింగి, ఇంకో మాట బయటికి తీయబోతే, ఎత్తైన చోటినుంచి కిందికి చూసినట్టు కళ్ళు తిరిగాయి.

"నీకు వెళ్ళాలనుందా?"

"ఎక్కడికి?"

"ఎక్కడికో. ఆ బస్సులు బాగుచేసే అతనితో."

చెల్లి మొహం ఎర్రబడింది, పాలిపోయింది. "నీకెలా తెలుసు?"

"చెవుల డాక్టరు దగ్గర పనిచేస్తాను. ఆ మాత్రం వినపడదా?"

చెల్లి నవ్వబోయింది, నవ్వు రాలేదు. "వచ్చే ఏడు అతనికి బదిలీ అక్కా. రమ్మంటున్నాడు. రానన్నాను."

"ఎందుకన్నావు?"

"నీకు సంతకం పెడతానన్నాను కదా. నువ్వొక్కదానివీ ఎలా..." చెల్లి యూనిఫాం సర్దుకుంది. "పెడతానక్కా. పద."

ఆ మాట వినగానే ఒళ్ళంతా చల్లటి నీళ్ళు పోసినట్టు హాయిగా అనిపించింది. పెడుతుంది. అడిగాను, నిజం చెప్పింది, అయినా పెడతానంది, ఇంక నా తప్పేముంది? రెండు గదులు, రెండు జీతాలు, చెల్లి పక్కనే, అప్పు తీరేదాకా ఇరవై ఐదేళ్ళు. ఆ హాయి చూసి ఆమెకి పొద్దున్నుంచీ వేయనంత భయం వేసింది. బ్యాంకుని చూసి కాదు, ధరలు చూసి కాదు, తనని చూసి. ఇరవై ఐదేళ్ళు ఈ పిల్ల మెట్లు ఒక్కొక్కటే చూసుకుంటూ దిగుతుంది, తను కిటికీలోంచి చూస్తూ బతికే ఉంది కదా అనుకుంటుంది.

లేచింది. గది దాటి నడిచింది. బయట బల్ల దగ్గర పర్లేదుగారు కాగితాల మీద పెన్ను సిద్ధంగా పెట్టి ఉంచాడు, ఇద్దరి పేర్లూ అచ్చయి ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి.

"ఆ ఒంటి గది ఇంకా ఉందాండీ?"

ఆయన నోరు తెరిచాడు. "అది వెనక వైపమ్మా. ఎండ పెద్దగా రాదు. కిటికీ తీస్తే జనరేటరు."

"ఉందా, లేదా?"

"ఉంది. పర్లేదు" అన్నాడు. బ్యాంకావిడకి ఫోన్ చేశాడు, వీపు తిప్పి చాలాసేపు మాట్లాడాడు. "అవుతుందటమ్మా. కాకపోతే మీరు ఉద్యోగం నుంచి రిటైరయ్యే ఏడు దాకా కడుతూనే ఉండాలట. మధ్యలో ఆగడానికి లేదు."

"అక్కా!" చెల్లి వెనకే వచ్చింది, గొంతులో కోపం. చిన్నప్పుడు బడికి రానని మొరాయించినప్పటి కోపం. "ఏం చేస్తున్నావు నువ్వు? నన్నడక్కుండా నన్ను తీసేస్తున్నావా? అందులో నాకు చోటు లేదా?"

"పేరు లేదంతే. చోటుంది."

"నువ్వొక్కదానివీ కట్టలేకపోతే?"

"ఏమో." నిజంగానే ఏమో. జీతం ఆగితే, జబ్బు చేస్తే, ధర పడిపోతే, అన్ని ఏమోలూ పక్కపక్కనే నిలబడి ఉన్నాయి, ఒక్కటీ తగ్గలేదు. పైగా ఇప్పుడు వాటిని పంచుకునే రెండో పేరు లేదు. "భయంగానే ఉందే. చచ్చేంత భయంగా ఉంది. కాని నువ్వుండాలంటే నీకుండాలనిపించి ఉండు. బ్యాంకు చెప్పిందని ఉండకు."

చెల్లి పక్కకి తిరిగి ముక్కు చీదుకుంది. పర్లేదుగారు పాత కాగితం తీసేసి కొత్తది పెట్టాడు. ఒక్క పేరే ఉన్న కాగితం ఎంత ఖాళీగా ఉందో. ఆమె పెన్ను తీసుకుంది. వేళ్ళు తనవి కానట్టున్నాయి. మొదటి అక్షరం కొండెక్కింది, రెండోది లోయలో పడింది, చివరి గీత కాగితం అంచుదాకా పాకిపోయింది.

ఆయన దాన్ని వెలుతురులోకి ఎత్తి, బ్యాంకు కాగితం పక్కన పెట్టి చూశాడు. "అమ్మా, బ్యాంకులో ఉన్న సంతకంలా లేదిది. ఒప్పుకోరు. ఇంకోసారి పెట్టండి."

ఇంకో కాగితం. ఫ్యాను గాలికి అది కదులుతోంది. చెల్లి వచ్చి పక్కన నిలబడి, అరచేయి చాపి కాగితం మూలని బల్లకి అదిమి పట్టింది. స్టీరింగు పట్టి పట్టి గట్టిబడిన చెయ్యి. ఆమె ఊపిరి పీల్చుకుని మళ్ళీ రాసింది. ఈసారీ అదే కొండ, అదే లోయ.

పర్లేదుగారు రెండు సంతకాలూ మార్చి మార్చి చూశాడు. మొదటిసారి ఆయనకి పర్లేదనే మాట దొరకలేదు.

"ఇకనుంచి నా సంతకం ఇలాగే ఉంటుందండీ" అంది ఆమె. "బ్యాంకు వాళ్ళని ఇదే రాసుకోమనండి."